ఆపత్కాలమున గృహస్థధర్మము

శ్రీవైష్ణవ గృహములలో ధనుర్మాసము రాకమునుపే సంకల్పములు సిద్ధమగుచుండును. ముప్పది దినములు వేకువనే తిరుప్పావై అనుసంధానము, పొంగలి నివేదనము, భోగినాడు గోదాకల్యాణము, పిదప తిరుమలయాత్ర. కోనసీమయందలి వృద్ధదంపతులు ఇట్లే సంకల్పించిరనుకొందము. మాసారంభమునకు రెండు దినములు ముందు గృహిణి నూతిగట్టు వద్ద జారిపడగా తుంటియెముక విరిగినది. శస్త్రచికిత్స విశాఖపట్టణమున జరుగవలెననియు, జాగు చేయరాదనియు వైద్యుడు చెప్పెను. ఆమెకు నొప్పికంటె మనోవ్యథ మిక్కుటమైనది. "ఏమండీ, నా మూలమున వ్రతము చెడినది, మొక్కు తప్పినది, ఇంటిలో పెరుమాళ్లకు ఆరాధనము లేకపోవుచున్నది" అని కన్నీరు పెట్టుకొనెను. ఈ మూడు సందేహములకును పెద్దలు సమాధానము చూపియున్నారు.

కర్మము నిత్యము, నైమిత్తికము, కామ్యము అని మూడు తెరగులు. కోరికతో తలపెట్టిన మొక్కు కామ్యము. ఆపద వచ్చినపుడు దానిని వాయిదా వేయుట దోషము కాదు. పసుపుగుడ్డలో ముడుపు కట్టి స్వామిసన్నిధిని ఉంచి, స్వస్థత చేకూరిన పిమ్మట చెల్లించుట మన వాడుక. నిత్యకర్మమును విడువరాదు గాని, శక్తికొలది సంక్షేపింపవచ్చును. స్నానమే ఏడు విధములుగ చెప్పబడినది. అందు నీట మునుగుట వారుణము. శయ్య విడువలేని వారికి విష్ణుచింతనరూపమైన మానసస్నానము కలదు. ఇక వ్రతమును చెరుపనివి ఎనిమిది: నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువచనము, ఔషధము. కావున రోగి మందు పుచ్చుకొనుటచే వ్రతభంగము లేదు.

ఇంటనున్న సాలగ్రామమూర్తికి మాత్రము తిరువారాధనము లోపింపరాదు. బయలుదేరుటకు ముందే పంచసంస్కారములు పొందిన బంధువునకో, పొరుగు శ్రీవైష్ణవునకో ఆ భారము ఒప్పగింపవలెను. వైద్యశాలయందు భర్త మానసికారాధనము చేసికొని, ఆనాటి పాశురమును భార్య చెవిని పడునట్లు మెల్లగా చదివిన చాలును.

ఈ విషయమున శ్రీరామచంద్రుని నడవడియే మనకు ప్రమాణము. యుద్ధకాండయందు రావణుని శక్తి తగిలి లక్ష్మణుడు నేలకొరగెను. ఎదుట శత్రువు నిలిచి బాణములు గుప్పించుచుండెను. స్వామి ఆ బాణములను లెక్కింపక, ముందుగా తమ్ముని మేనినుండి శక్తిని తన చేతులతో పెరికివైచెను. హనుమత్సుగ్రీవులను అతని చుట్టును కావలియుండుడని ఆజ్ఞాపించి, అటుపిమ్మటనే రావణుని ఎదుర్కొనెను. రావణుడు తొలగిన వెనుక తమ్మునికై దుఃఖించుచు, యుద్ధముతోను రాజ్యముతోను తనకేమి పనియనెను. అపుడు సుషేణుడు లక్ష్మణుని పరీక్షించి, ప్రాణమున్నదని ధైర్యము చెప్పి, ఓషధులకై హనుమంతుని పంపెను. శల్యమును తొలగించునది విశల్యకరణి, విరిగినదానిని అతుకునది సంధానకరణి. వైద్యుడు కోరినది ఎంత దూరముననున్నను తెచ్చుటయే కర్తవ్యమని అచట అందరును ఎరిగియుండిరి. అవతారప్రయోజనమైన రావణవధయే క్షణకాలము ఆగినపుడు, మన యాత్ర ఆగుటలో వింత యేమున్నది?

స్నానము లేదు, శుచి లేదు, భగవంతుడు నన్ను అంగీకరించునా యను శంక రోగికి కలుగుట సహజము. ప్రపత్తికి దేశనియమము, కాలనియమము, ప్రకారనియమము లేవని పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమున నిరూపించిరి. ద్రౌపది స్నానము చేసి శరణుజొచ్చలేదు గదా యని వారే చూపిరి. మరియు వరాహస్వామి భూదేవితో పలికిన చరమశ్లోకమున, స్వస్థుడై యున్నపుడు తన్ను తలచినవాడు కట్టెవలె, రాతివలె పడియున్నపుడు తానే వానిని తలతునని ప్రతిజ్ఞ చేసెను. అంత్యదశకై చెప్పిన ఈ అభయము, మత్తుమందుచే స్పృహ తప్పి శస్త్రచికిత్సకు లోనగువారికిని ఎంతో ఊరట. ఆమె స్వామిని తలవలేని ఆ గడియలలో స్వామి ఆమెను మరువడు.

కావున ఆ గృహస్థునకు ఈ ధనుర్మాసమున భార్యకు అన్నము తినిపించుట, వేళకు మందిచ్చుట, చేయూతనిచ్చి నాలుగడుగులు నడిపించుట, ఇవియే కైంకర్యములు. భర్తకు ఆపద కలిగినచో భార్యకును ఇదియే ధర్మము. ముడుపు సన్నిధిని భద్రముగా నుండును. ఆమె లేచి నడువగలిగిన నాడు దంపతులిరువురును కలిసి ఏడుకొండలవాని దర్శింతురు గాక.