కాలేజీ వైఫై నీ చేతికొచ్చింది కనుక

చిరంజీవి మేనకోడలికి,

కాలేజీలో వైఫై బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. హాస్టళ్ళు, లైబ్రరీ, పరీక్షల విభాగం, ఆఫీసు అన్నిటికీ కలిపి ఒకే వైర్‌లెస్ స్విచ్, దాని కింద యాక్సెస్ పాయింట్లు అంటున్నావట. బిగించినవాళ్ళు బిగించి వెళ్ళిపోయారు, ఇక చూసుకోవలసింది నువ్వే. ఇలాంటి సంగతులు ఫోన్‌లో చెబితే సగం జారిపోతాయి, అందుకే రాస్తున్నాను. నా ఉద్యోగమంతా టెలిఫోను లైన్లతో, డేటా లైన్లతోనే గడిచింది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

భద్రత అనగానే అందరూ వైఫై పాస్‌వర్డ్ ఏమిటనే అడుగుతారు. నేను ముందు అడిగేది స్విచ్ గురించి. దాని లోపలికి ఎవరెవరు వెళ్ళగలరు? యాక్సెస్ పాయింట్లు సొంతంగా నిర్ణయించేది తక్కువ. ఏ పేరు ప్రసారం చెయ్యాలో, ఏ ఛానెల్ వాడాలో, ఎవరిని రానివ్వాలో స్విచ్ చెబుతుంది, అవి చేస్తాయి. స్విచ్ దొరికినవాడికి భవనమంతా దొరికినట్టే. గాలిలో తిరిగే పాస్‌వర్డ్ ఎంత పొడుగ్గా పెట్టినా, స్విచ్ మాత్రం ఫ్యాక్టరీలో పెట్టిన అడ్మిన్ పేరుతోనే తెరుచుకుంటుంటే, వీధి తలుపుకి గొళ్ళెం వేసి పెరటి తలుపు బార్లా తెరిచి పడుకున్నట్టు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ చేసిందేమిటో చదివే ఉంటావు. ఫ్యాక్టరీ పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఓ అరవై పైచిలుకు జతల జాబితా పట్టుకుని, ప్రపంచమంతటా లక్షల కెమెరాలనూ రౌటర్లనూ లోబరచుకుంది. ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. అంతటి పని చేసింది గొప్ప తెలివి కాదు తల్లీ, ఎవరూ మార్చని పాస్‌వర్డ్‌లు.

అందుకని మొదటి రోజు కన్సోల్ కేబుల్ పెట్టి స్విచ్ ముందు కూర్చో. ఫ్యాక్టరీ ఖాతా తీసెయ్యి, తియ్యడం కుదరకపోతే పాస్‌వర్డ్ మార్చు. నీ పేరున ఒక ఖాతా, నువ్వు సెలవులో ఉన్నప్పుడు చూసేవాళ్ళకి ఇంకొకటి పెట్టు. ఇద్దరూ ఒకే ఖాతా వాడితే రేపు ఏ మార్పు ఎవరు చేశారో తెలీదు. టెల్నెట్ ఆపి ఎస్ఎస్‌హెచ్ పెట్టు, మామూలు వెబ్ పేజీ ఆపి హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఉంచు. ఎస్ఎన్ఎంపీ ఉందేమో చూడు. చాలాచోట్ల దాని రహస్య పదం 'పబ్లిక్' అనే ఉండిపోతుంది, రాసే అధికారానికి 'ప్రైవేట్' అని ఉండిపోతుంది. రాసే అధికారమున్న పదం దొరికితే చాలా స్విచ్‌లలో కాన్ఫిగరేషన్ మొత్తం బయటికి లాగెయ్యొచ్చు. అవసరం లేకపోతే ఆపెయ్యి, అవసరముంటే మూడో వెర్షన్ వాడు. తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో ఫర్మ్‌వేర్ చూసి తాజాది వెయ్యి, పాతదాన్ని మాత్రం దగ్గర ఉంచుకో.

స్విచ్ నిర్వహణకి విడిగా ఒక వీల్యాన్ పెట్టు. అందులోకి నీ గదిలోని కంప్యూటరు తప్ప ఇంకేదీ రాకూడదు. హాస్టల్ వైఫైలో ఉన్న పిల్లాడు బ్రౌజర్‌లో స్విచ్ అడ్రసు కొడితే లాగిన్ పేజీ కనిపించిందంటే పని ఇంకా పూర్తి కాలేదన్నమాట. నువ్వే హాస్టల్ వరండాలో నిలబడి ఫోన్‌తో ఆ అడ్రసు కొట్టి చూడు.

ఇక విభజన. ఇప్పుడు ఆఫీసు, పిల్లలు, కెమెరాలు, వచ్చిపోయేవాళ్ళు అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే, ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌లో దూరిన వైరస్‌కి పరీక్షల విభాగం కంప్యూటరు ఒక్క అడుగు దూరం. వేరువేరు వీల్యాన్లు పెట్టి, ఒకదాన్నుంచి మరొకదానికి దారి మూసెయ్యి. ఎక్కువ వైఫై పేర్లు మాత్రం పెట్టకు. ప్రతి పేరూ సెకనుకి సుమారు పదిసార్లు తన ఉనికి చాటుకుంటూ గాలి వాడుకుంటుంది. మూడు, మహా అయితే నాలుగు చాలు.

పాస్‌వర్డ్ సంగతి. డబ్ల్యూఈపీ 2001లోనే బద్దలైంది, అది ఏ మూలన మిగిలున్నా తీసెయ్యి. టీకేఐపీ కూడా వద్దు. డబ్ల్యూపీఏ2లో ఏఈఎస్, పరికరాలు ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3. 2017లో డబ్ల్యూపీఏ2లోనూ క్రాక్ అనే లోపం బయటపడింది. అందుకే ఫర్మ్‌వేర్ గురించి అంత పట్టుబట్టాను. సిబ్బందికి అందరికీ ఒకే పాస్‌వర్డ్ వద్దు, 802.1ఎక్స్ పెట్టి ఎవరి పేరు వాళ్ళకివ్వు. ఒకరు ఉద్యోగం మానేస్తే వాళ్ళ పేరొక్కటి తీసేస్తే సరిపోతుంది, మిగతావాళ్ళ ఫోన్లు తిరిగి సర్దక్కర్లేదు. కానీ ప్రతి ఫోన్‌లోనూ సర్వర్ సర్టిఫికెట్ సరిచూసే ఆప్షన్ ఆన్‌లో ఉంచు. అది లేకపోతే మన పేరే పెట్టుకున్న దొంగ యాక్సెస్ పాయింట్‌కి మాస్టార్ల పాస్‌వర్డ్‌లు చేరతాయి. వైఫై పేరు దాచిపెట్టడం, మ్యాక్ అడ్రసుల జాబితా పెట్టడం వల్ల భద్రత వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. ఆ అడ్రసు గాలిలో ఎవరికైనా కనిపిస్తుంది, కొత్త ఫోన్లు దాన్ని వాటంతటవే మార్చుకుంటున్నాయి కూడా.

అతిథులకు అసలు పాస్‌వర్డ్ లేకుండా వదిలేద్దామంటారు ఎవరో ఒకరు. ఒప్పుకోకు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు పంపిన ఈమెయిల్ నవీ ముంబయిలో ఒకరి ఇంటి వైఫై నుంచి వెళ్ళింది. దానికి తాళం లేదు. ఆ ఇంటాయనకీ ఆ ఈమెయిల్‌కీ ఏ సంబంధమూ లేదని తేలడానికి ఎంత యాతన పడ్డాడో ఊహించు. అలాంటప్పుడు ఎవరు వాడారో చెప్పేవి లాగ్‌లే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచాలని, గడియారాలు ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలిపి ఉంచాలని ఉంది. స్విచ్ గడియారం తప్పు చెబుతుంటే లాగ్‌లు ఎంత దాచినా వృథా, కనుక ముందు అది సరిచెయ్యి.

హాస్టళ్ళలో నీకు ఎక్కువ తలనొప్పి హ్యాకర్లతో కాదు. వైఫై అందని గదిలో ఉన్న పిల్లాడు బజార్లో చౌక రౌటరు కొని, గోడ సాకెట్‌కి తగిలిస్తాడు. పొరపాటున దాని ల్యాన్ పోర్టుకే తీగ పెడితే, ఆ రౌటరు అంతస్తంతటికీ తనే అడ్రసులు పంచడం మొదలెడుతుంది. సగంమందికి నెట్ ఆగుతుంది, సగంమందికి నడుస్తుంది, అందరూ నీకు ఫోన్ చేస్తారు. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టి, అసలు సర్వర్ ఉన్న పోర్టునే నమ్మమని చెప్పు. వాడని పోర్టులన్నీ మూసెయ్యి. యాక్సెస్ పాయింట్‌ని గోడ నుంచి పీకి అదే తీగని ల్యాప్‌టాప్‌కి పెట్టేవాళ్ళూ ఉంటారు. ఆ పోర్టుకి నిర్వహణ వీల్యాన్ తగిలి ఉంటే ఇంతసేపూ మనం వేసిన తాళాలన్నీ దండగ. పోర్టు దగ్గర కూడా గుర్తింపు అడిగేలా పెట్టు. రౌటరు తగిలించిన పిల్లాణ్ణి మాత్రం తిట్టకు. అతని గదికి సిగ్నల్ అందకపోతే యాక్సెస్ పాయింట్ జరిపించు. సిగ్నల్ మాట వచ్చింది కనుక, స్విచ్‌లో దేశం ఇండియా అని ఉందో లేదో చూడు. 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని 2018 అక్టోబరులోనే కేంద్రం లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది, దాన్ని వాడుకో. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్ళు తప్ప వేరేవి వద్దు. పవర్ అన్నిటికీ గరిష్ఠంగా పెడితే ఒకదానికొకటి అడ్డం వస్తాయి. కొత్త పాయింట్ తగిలించే ముందు స్విచ్ మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో లెక్కవేసుకో. పాత పీఓఈ ప్రమాణంలో ఒక పోర్టుకి 15.4 వాట్లే, ఆ తర్వాతి దానిలో 30.

మన ప్రాంతం సంగతి కూడా మర్చిపోకు. అక్టోబరు మనకి మంచి నెల కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో నీకూ గుర్తే. కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫైబర్‌నెట్ తీగలూ ఆ స్తంభాల మీదే వేలాడతాయి. అలాంటప్పుడు కొత్త స్విచ్ తెచ్చి పెట్టడం పెద్ద పని కాదు, పాత కాన్ఫిగరేషన్ లేకపోవడమే పెద్ద నష్టం. ప్రతి మార్పు తర్వాతా కాపీ తీసి, తాళం వేసిన ఫైలుగా కాలేజీ బయట మరోచోట దాచు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక కవర్లో పెట్టి సీలు వేసి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంచు. బయట బిగించిన పాయింట్లకి ఉప్పుగాలి తగలని పెట్టె, పిడుగుల కాలానికి సర్జ్ ప్రొటెక్టర్, ఎర్త్ ఉండాలి. ఈ ఖర్చు అడగడానికి మొహమాటపడకు.

చివరిగా ఒక్కటి, దీన్ని బాగా మనసుకి పట్టించుకో. స్విచ్ దగ్గర కూర్చుంటే ఏ అమ్మాయి ఫోన్ రాత్రి ఎంతవరకు నెట్‌లో ఉంది, ఏ గదిలోంచి ఏ అడ్రసుకి వెళ్ళింది అన్నీ నీకు కనిపిస్తాయి. వార్డెన్ అడగొచ్చు, తల్లిదండ్రులూ అడగొచ్చు. ప్రిన్సిపాల్ గారి రాతపూర్వకమైన ఆదేశం లేకుండా ఎవరి వివరమూ ఎవరికీ ఇవ్వకు, నువ్వూ సరదాకి చూడకు. ఆ పిల్లలు నెట్ వాడుకోవడానికి వచ్చారు, నీ చూపు కిందకి రావడానికి కాదు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. అది రాకముందూ ఇలా చూడడం, చెప్పడం తప్పే.

స్విచ్ మోడల్ పేరూ, ఫర్మ్‌వేర్ వెర్షనూ, యాక్సెస్ పాయింట్ల జాబితా రాసి పంపు. ట్రంక్ పోర్టుల మీద ఏ వీల్యాన్ ట్యాగ్ లేకుండా వెళ్తోందో కూడా రాయి, నా అనుమానం ముందు అక్కడే. దసరా దాటాక సిరిమానోత్సవానికి విజయనగరం వస్తావు కదా, కాన్ఫిగరేషన్ ప్రింట్ చేసి తీసుకురా. వరస వరసా కలిసి చదువుదాం.

ఇట్లు,
మీ మావయ్య