మీ పిల్లలు ఆడే జెన్షిన్ ఇంపాక్ట్: మంచి ఎంత, చెడు ఎంత?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, మా వాడు ఎప్పుడు చూసినా జెన్షిన్ అంటున్నాడు. ఆడనివ్వొచ్చా, మాన్పించాలా?" అని అడిగారు. నిలబడి ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు కాదది. నేనూ కొన్నాళ్ళు ఆడాను కాబట్టి, నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

జెన్షిన్ ఇంపాక్ట్ షాంఘైకి చెందిన మిహోయో కంపెనీ 2020 సెప్టెంబర్‌లో విడుదల చేసిన రోల్ ప్లేయింగ్ గేమ్. ఆడేవారు తెయ్‌వాట్ అనే కల్పిత లోకంలో, విడిపోయిన తోబుట్టువును వెతుక్కుంటూ తిరిగే బాటసారి అవుతారు. డౌన్‌లోడ్ ఉచితం. ఈ "ఉచితం" దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే నిజంగానే ఉంది. దూరంగా కొండ కనిపిస్తే ఎక్కొచ్చు, పైనుంచి రెక్కలు విప్పుకుని దిగొచ్చు. నిప్పు, నీరు, గాలి, విద్యుత్తు, మంచు, రాయి, మొక్క అని ఏడు శక్తులు. తడిసిన శత్రువు మీద మంచు ప్రయోగిస్తే గడ్డకట్టిపోతాడు. నలుగురి జట్టులో ఎవరి తర్వాత ఎవరిని దింపాలో ఆలోచించకపోతే గెలవడం కష్టం. మోండ్‌స్టాట్ అనే ప్రాంతపు సంగీతాన్ని లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. హెడ్‌ఫోన్స్ అడిగి మీరూ ఒకసారి వినండి. ఇక కథంతా ఇంగ్లీషులో చదువుతూ, వింటూ సాగుతుంది. రీడర్ తెరవమంటే మొహం ముడుచుకునే ఒక అబ్బాయి క్లాసులో "ఆర్కిపెలాగో" అంటే ద్వీపాల గుంపు అని టక్కున చెప్పాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే నవ్వాడు.

లోపాల్లో చిన్నది, సంభాషణలు మరీ సాగదీయడం. అంతకంటే ఇబ్బంది రెజిన్ అనే ఇంధనం. అది 8 నిమిషాలకు ఒకటి చొప్పున తనంతట తానే నిండుతుంది, నిండాక ఆగిపోతుంది. వాడకపోతే వృథా అవుతుందన్న బెంగ పిల్లల్లో మొదలవుతుంది. పరీక్ష ముందు రోజు కూడా "పది నిమిషాలే అమ్మా" అనేది అందుకే.

అసలు సమస్య గాచా. కొత్త పాత్ర కావాలంటే లాటరీలా "విష్" తీయాలి. ఒక్క విష్‌కు 160 ప్రిమోజెమ్‌లు. రోజువారీ పనులన్నీ చేస్తే వచ్చేవి 60. ఫైవ్ స్టార్ పాత్ర వచ్చే అవకాశం మామూలుగా 0.6 శాతం. నేను ఇంగ్లీషు టీచర్నే అయినా ఈ లెక్కకు కాలిక్యులేటర్ చాలు: పది విష్‌లు తీస్తే, నూటికి 94 సార్లు ఆ ఫైవ్ స్టార్ రాదు. 90 విష్‌ల లోపు ఒకటి ఖాయమే, కానీ అది పిల్లవాడు కోరుకున్న పాత్రే అవ్వాలని లేదు. ఖాయంగా దక్కాలంటే 180 వరకు పట్టొచ్చు. అంటే 28,800 ప్రిమోజెమ్‌లు. రోజుకు 60 చొప్పున 480 రోజులు. కథలో, ఈవెంట్లలో అదనంగా దొరుకుతాయి, నిజమే. కానీ ఆ పాత్ర అందుబాటులో ఉండేది మూడు వారాలే. ఆ తొందరలోనే మన ఫోన్ గుర్తొస్తుంది. పైగా రూపాయలు నేరుగా విష్ కావు; ముందు జెనెసిస్ క్రిస్టల్స్, తర్వాత ప్రిమోజెమ్‌లు, ఆపైన విష్. ఇన్ని చేతులు మారాక ఎంత ఖర్చయిందో పెద్దవాళ్ళకే తెలియదు, పన్నెండేళ్ళ పిల్లలకేం తెలుస్తుంది?

డబ్బు పెట్టకుండానే కథంతా ఆడొచ్చన్నది కూడా అంతే నిజం. నేను అలాగే ఆడాను, ఓపిక కావాలి.

ఈ గాచా విషయంలోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2025 జనవరిలో కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టడానికీ, 16 ఏళ్ళలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇలాంటివి అమ్మకుండా ఉండటానికీ ఒప్పుకుంది. అది అక్కడి ఒప్పందం. ఇక్కడ ఆ అడ్డు మనమే పెట్టుకోవాలి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పి ఉంటే ఈ రోజే మార్చేయండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే, దయచేసి కొట్టకండి. భయపడిన పిల్లలు రెండోసారి దాస్తారు. పక్కన కూర్చుని విష్ పేజీ తెరవమనండి. అక్కడ "డిటెయిల్స్"లో 0.6 శాతం అని ఆటే రాసి ఉంటుంది, "హిస్టరీ"లో తీసిన విష్‌లు కనిపిస్తాయి. ఒక కాగితం ఇచ్చి, ఎన్ని తీశాడో, ఎన్నిసార్లు కావలసింది వచ్చిందో వాడి చేతే రాయించండి. ఆ కాగితం నాకు పంపితే, పదో తరగతి ప్రాబబిలిటీ పాఠంలో పేరు చెప్పకుండా వాడుకుంటామని మా మ్యాథ్స్ సార్ అడిగారు.