కాలదోషం నోటుకే... అప్పుకు కాదు!

ఇల్లు కొందామని బ్యాంకుకు వెళ్లారు. జీతం బాగుంది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. మేనేజరు కంప్యూటర్ తెర మీవైపు తిప్పారు. ఆరేళ్ల కిందట ఊరు మారుతూ వదిలేసిన క్రెడిట్ కార్డు బాకీ. పక్కనే ‘రిటెన్ ఆఫ్’ అని ఉంది. అప్పట్లో వచ్చిన కవర్లు విప్పకుండానే బీరువా మీద పడేశారు. ‘అదెప్పుడో పోయిందనుకున్నానండీ’ అంటారు మీరు. పోలేదు.

అప్పుల గడువు లెక్క పల్లెలో అప్పిచ్చేవాళ్లకు బాగా తెలుసు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు నిండకముందే ‘ఓ వందైనా ఇవ్వు బాబూ’ అని తీసుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. 1963 నాటి కాలపరిమితి చట్టం చెప్పేదీ అదే. తాకట్టు లేని బ్యాంకు అప్పులకూ సాధారణంగా ఇదే గడువు. అది దాటితే దావా నిలవదు, బాకీ మాత్రం బాకీగానే ఉంటుంది. రైటాఫ్ అంటే మాఫీ కాదు, బ్యాంకు తన పద్దుల్లో చేసుకునే సర్దుబాటు. సిబిల్ లాంటి రుణ సమాచార సంస్థలైతే మీ అప్పుల చరిత్రను కనీసం ఏడేళ్లు భద్రపరుస్తాయి.

మరేం చేయాలి?

ముందు చూడండి: దేశంలో సిబిల్‌తో కలిపి ఇలాంటి రుణ సమాచార సంస్థలు నాలుగున్నాయి. ఏడాదికోసారి ప్రతి సంస్థా పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీది కాని అప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.

తొందరపడి సంతకం చేయకండి: ‘ప్రస్తుతానికి ఐదొందలు వేయండి సార్’ అని ఫోనొస్తే నోటు వెనక చెల్లు గుర్తు తెచ్చుకోండి. కడతానని రాసిస్తే, గడువు తీరిన అప్పుకూ ప్రాణం వస్తుంది. ఎగ్గొట్టమని కాదు, మొత్తం ఎంతో కాగితం మీద తేలాకే కట్టమని.

సెటిల్‌మెంటుకు మురిసిపోకండి: 50,000 బాకీని 20,000తో ముగిస్తే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. మరో బ్యాంకు దాన్ని ‘పూర్తిగా కట్టలేదు’ అనే చదువుకుంటుంది. చేతనైతే అంతా కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోండి. నో డ్యూస్ సర్టిఫికెట్ దాచుకోండి.

భయపడకండి: ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోన్ చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

అప్పునూ నిప్పునూ మిగల్చకూడదంటారు. ఎంత మిగిలిందో తెలియాలిగా ముందు! ఈ ఆదివారం స్టూలేసుకుని, బీరువా మీది కవర్లు దింపండి.