సూది ఎవరు వేస్తారు?

"అక్కా, మా అత్తగారికి ఎముకలు గుల్లబారాయన్నారు. ఆరు నెలలకోసారి సూదట. మెడికేర్ ఇస్తుందా?" అమెరికాలో ఉన్న మన చెల్లెళ్లు తరచూ అడిగే మాటే ఇది.

ఇస్తుంది తల్లీ. ఎంత ఇస్తుందో చెప్పాలంటే మాత్రం ముందు నేను నిన్నొకటి అడగాలి: ఆ సూది ఎవరు వేస్తారు?

నవ్వకు. మెడికేర్ లెక్కంతా అక్కడే ఉంది. డాక్టరు దగ్గర నర్సు వేస్తే సాధారణంగా పార్ట్ బి, అంటే వైద్య సేవల భాగం. ఇంట్లో తనకు తానే పొడుచుకునేదైతే పార్ట్ డి, అంటే మందుల భాగం. ఆరు నెలల ప్రోలియా, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే రీక్లాస్ట్, నెలనెలా ఏడాదిపాటు వేసే ఈవెనిటీ మొదటి పద్దు కిందికి వస్తాయి. రోజూ వేసుకునే ఫోర్టియో, టిమ్‌లోస్ పెన్నులు రెండో పద్దు.

పార్ట్ బిలో 2026కి డిడక్టిబుల్ 283 డాలర్లు. అది కట్టాక మందు ఖరీదులో 20 శాతం మనది. ఇరవయ్యే కదా అనుకోకు. మందు 1,500 డాలర్లనుకుంటే మన వంతు 300, వేసిన చార్జీ అదనం. ఒరిజినల్ మెడికేర్‌లో ఈ 20 శాతానికి పైన హద్దంటూ లేదు. అందుకే మెడిగ్యాప్ పాలసీ ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు, ఈ వంతును చాలా పాలసీలు భరిస్తాయి. పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లోపు తీసుకుంటే ఒంట్లో ఏ జబ్బున్నా కాదనరు. ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో కంపెనీ దయ. ఎముకల సంగతి ముందే తెలిసి కూడా ఆ ఆరు నెలలూ వదిలేసుకోవడం నాకైతే మింగుడుపడదు.

ఒరిజినల్ మెడికేర్ బదులు తీసుకునే ప్రైవేటు అడ్వాంటేజ్ ప్లానయితే ముందస్తు అనుమతి అడగొచ్చు, చవక మందు ముందు వాడి చూడమనొచ్చు. రీక్లాస్ట్‌కు జెనెరిక్ ఉంది. ప్రోలియాకూ 2025 నుంచి బయోసిమిలర్లు మార్కెట్లోకి వచ్చాయి. అవి సరిపోతాయేమో డాక్టర్ని అడగడానికి మొహమాటపడొద్దు.

పార్ట్ డి సంగతి ఇప్పుడు నయం. ప్లాను జాబితాలో ఉన్న మందులకు 2026లో మన చేతి నుంచి 2,100 డాలర్లు దాటదు. దాన్నీ నెలనెలా వాయిదాల్లో కట్టొచ్చు. మందుల కంపెనీలిచ్చే కోపే కార్డులు మాత్రం మెడికేర్ వాళ్లకు పనికిరావు. ఆ ప్రకటనలు చూసి ఆశపడొద్దు.

ఎముక విరిగి, హోమ్ హెల్త్ సేవ కింద ఉన్న ఆడవాళ్లకు ఇంటికొచ్చి వేసే సూదికీ పార్ట్ బి ఇవ్వొచ్చు. సొంతంగా వేసుకోలేరనీ, ఇంట్లో వేసేవాళ్లు లేరనీ తేలాలి. అంటే కోడలు వేయగలదా, వేస్తుందా అన్నదీ ప్రభుత్వం పట్టించుకునే విషయమే!

ఇక మన ఇళ్లలో అసలు చిక్కు ఇండియా ప్రయాణం. గ్రీన్ కార్డు మీద ఐదేళ్లుండి, 65 నిండి, నెలనెలా ప్రీమియం కడుతూ మెడికేర్ తెచ్చుకున్న అమ్మలు సంక్రాంతికి వెళ్తే ఉగాది దాటేదాకా రారు. మామూలుగా అక్కడి వైద్యానికి మెడికేర్ పైసా ఇవ్వదు. ప్రోలియా ఆరు నెలలు దాటి ఆలస్యమైతే ఆగిన ఎముక నష్టం వేగంగా తిరగబెడుతుంది, వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. కాబట్టి టికెట్ బుక్ చేసేముందు సూది తేదీ చూడు. అక్కడే పడాల్సివస్తే ప్రోలియాలోని మందు డెనోసుమాబ్ మన ఊళ్లలోనూ దొరుకుతుంది, చేతి డబ్బుతో. వేసిన తేదీ, మందు పేరు కాగితం మీద రాయించుకుని వెనక్కి తెచ్చుకోవాలి. ఇక్కడ లేని నెలలకు ప్రీమియం దండగని పార్ట్ బి మానేస్తానంటే వద్దను. మళ్లీ చేరేటప్పుడు, వదిలేసిన ప్రతి 12 నెలలకూ 10 శాతం జరిమానా పడుతుంది.

అపాయింట్‌మెంట్‌కు ముందే బిల్లింగ్ వాళ్లకు ఫోన్ చేసి పార్ట్ బి కిందేనా, అనుమతి వచ్చిందా, మా వంతెంత అని అడుగు. ప్లాన్ల మధ్య తల తిరిగితే ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంది. ఏమీ అమ్మరు, అదే వాళ్ల గొప్ప.

అన్నట్టు, పీకించాల్సిన పన్నేదైనా ఉంటే సూదికి ముందే డాక్టరుకు చెప్పు. ప్రోలియా, రీక్లాస్ట్ లాంటి మందులతో అరుదుగా దవడ ఎముకకు ఇబ్బంది వస్తుంది. ఆ పళ్ల ఖర్చు మాత్రం ఒరిజినల్ మెడికేర్‌లో మామూలుగా మనదే.