భూపాలపల్లి అమ్మాయికి పెద్దనాయన ఉత్తరము

జనగామ

చి. సౌ. అమ్మాయికి పెద్దనాయన ఆశీర్వదించి వ్రాయునది. 

మొన్న పెండ్లిలో కలిసిన మానుకోట చిన్నమ్మ, నీ కొడుకు ఫోనులో ఆటలాడుచు ముక్కుమొగము తెలియనివానితో స్నేహము చేసెననియు, వాడు ఫొటో పంపుమని అడిగిన సంగతి బయటపడగనే అల్లుడుగారు పిల్లవానికి రెండు దెబ్బలు వేసి ఫోను బీరువాలో పెట్టి తాళము వేసిరనియు చెప్పినది మొదలు నా మనసు మనసులో లేదు. చిన్నమ్మ మాటలలో సగము విడిచి వినుట మన ఇంటి ఆచారమే గాని, మిగిలిన సగమే నాచేత ఈ జాబు వ్రాయించుచున్నది. కాకతీయ ఖనిలో షిఫ్టు చేసి అలసి వచ్చిన మనిషికి కోపము రాకుండునా? కాని తల్లీ, "ఇంట్లో చెప్పకు" అనునదే అట్టి దుర్మార్గుల మొదటి పాఠము. చెప్పిన పిల్లవానికి దెబ్బలు పడినచో ఆ పాఠమును మనమే వల్లె వేయించినవారమగుదుము.

నేను హైస్కూలులో చదువు దినములలో పత్రికలందు కలము స్నేహమను శీర్షిక వచ్చెడిది. అందు చిరునామా చూచి మద్రాసు బాలునికొకనికి జాబు వ్రాసి, రైలు కూసినప్పుడెల్ల పోస్టాఫీసుకు పరుగెత్తెడివాడను. పోస్టుమాను నన్ను చూచి చేయి అడ్డముగా ఊపెడి తీరు ఇప్పటికిని కండ్లకు కట్టినట్లున్నది. కొన్నాళ్ళకు ఆ "బాలుడు" స్టూడియోలో తీయించిన ఫొటోయు, పది రూపాయల మనియార్డరును కోరగా, మీ తాత జాబు లాగుకొనక, అరుగుమీద కూర్చుండి, "ఏం రాసిండురా, పెద్దగ సదువు" అని సాంతము విని, "వాళ్ళ బాపు పేరేందో అడిగి రాయి" అనిరి. వ్రాసితిని. మద్రాసు నుండి మరల ఉత్తరము రాలేదు.

ఇక అసలు సంగతి గొళ్ళెము. మీ క్వార్టరులో పిల్లవాని గదికి లోపలి గొళ్ళెమున్నదట. వడ్రంగిని పిలిపించి వెంటనే తీసివేయింపుము. పైదియు, నడిమిదియు, రెండును. తలుపునకు పరదా చాలును. ఫోను నలుగురు మసలు ముందుగదిలోనే వాడవలెను, రాత్రి వంటింటి గూటిలో ఛార్జింగు పెట్టవలెను, దుప్పటిలోనికి పోరాదు. ఈ నియమము నీకును, అల్లుడుగారికిని వర్తించును. స్నానపుగది గొళ్ళెము మాత్రము ఉండనిమ్ము.

నీవు స్టేటస్సులో పెట్టిన వాని ఫొటోలో యూనిఫారము మీది బడిపేరు స్పష్టముగా కనబడుచున్నది, తీసివేయుము. ఫొటోలో వాడు ఎంత చక్కగా నవ్వెనో, అచ్చము మీ నాయన నవ్వే! ఆ అపరిచితుని సందేశములను చెరిపివేయకుము. స్క్రీన్‌షాట్లు తీసి, పిదప వానిని బ్లాక్ చేయవలెను. లైంగిక దురుద్దేశముతో పిల్లలను ఫోను ద్వారా పదేపదే పలుకరించుటను సైతము 2012 నాటి పోక్సో చట్టము నేరముగా ఎంచుచున్నది. డబ్బు పోయినచో 1930కును, పిల్లవానికి ఆపద యనిపించినచో 1098కును ఫోను చేయుము. పరువు పోవునని జంకకుము.

వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, ఏమి జరిగినను ముందు నీకు చెప్పుమని బోధించి, చెప్పినచో కొట్టనని అల్లుడుగారి చేతనే మాట ఇప్పింపుము. దసరా సెలవులకు ఇచటికి పంపుము. ఆ ఆట నాకును నేర్పవలెను.

ఇట్లు,
పెద్దనాయన