ఉలి పట్టే చేతికి తిమ్మిరి

ప్రశ్న: మాది ఆళ్లగడ్డ. ఆక్యుపేషనల్ థెరపీ చదువుతూ, చేతి చికిత్స విభాగంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నాన్న రాతి శిల్పి. రాత్రిళ్లు ఆయనకు బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నేనేం చేయగలను?
– ఓ విద్యార్థిని, నంద్యాల జిల్లా

జవాబు: చిటికెన వేలికీ తిమ్మిరి ఉందేమో ముందు అడగండి. లేకపోతే మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుంటూ ఉండొచ్చు. ఉలిని బిగించి పట్టడం, గ్రైండర్ అదురు దీన్ని పెంచుతాయి. నిద్రలో మణికట్టు వంగితే తిమ్మిరి ఇంకా ఎక్కువవుతుంది.

వ్యాయామాలు చెప్పే ముందు, ఆయన పని చేస్తుండగా ఓ పూట గమనించండి. మణికట్టు వంగకుండా రాయి ఎత్తు సరిచేయండి. ఉలికి మెత్తటి గుడ్డ చుట్టి పిడి లావు చేయండి. గ్రైండర్ పని ఏకబిగిన కాకుండా, మధ్యలో వేరే పని పెట్టుకోమనండి. రాత్రి మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్ వేయండి. అమరిక మీ సూపర్‌వైజర్‌కు చూపించండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి.

ఆరు వారాల్లో తగ్గకపోయినా, పగలూ తిమ్మిరి ఉన్నా, వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినా ఆలస్యం వద్దు. నంద్యాలలోనో కర్నూలు పెద్దాసుపత్రిలోనో ఎముకల డాక్టరుకు చూపించండి.