దవడలో రెండు వాపులు

లావణ్యా,

దవడ ఎముక ఉబ్బిన పిల్లలకు మూలకణాలు ఎక్కిస్తే నయమవుతుందా అని అడిగావు. చాలామంది ప్రశ్నను ఇలాగే వేస్తారు. కానీ ముఖం ఎముకలకు వచ్చే కొన్ని జబ్బుల్లో మూలకణమే రోగి. దాన్ని మందుగా వాడే సంగతి తర్వాత.

ఫైబ్రస్ డిస్‌ప్లేసియానే తీసుకో. ఎక్కువగా పై దవడ, ఒక పక్కే, నెమ్మదిగా ఉబ్బుతుంది. ఎక్స్‌రేలో ఆ చోటు గరుకు గాజులా మసకగా కనిపిస్తుంది. సర్జన్ ఎముకను చెక్కి ఆకారం సరిదిద్దినా మళ్లీ పెరగవచ్చు. ‘మా వంశంలో ఎవరికీ లేదే!’ అంటారు తల్లిదండ్రులు. నిజమే, ఇది వంశం నుంచి రాదు. పిండం రూపుకడుతున్న తొలి దశలో ఒక్క కణంలో జీఎన్‌ఏఎస్ అనే జన్యువు చెడుతుంది. ఆ కణం సంతతి చేరిన ఎముకలకే జబ్బు. పక్క ఎముక నిక్షేపంగా ఉంటుంది. చెడిన కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు అవసరానికి మించి తయారవుతుంది. ఎముకగా ఎదగాల్సిన కణం నారలాంటి కణజాలం దగ్గరే ఆగిపోతుంది.

పావొలో బియాంకో, పమేలా రాబీ, వారి సహచరులు 1998లో ప్రచురించిన ప్రయోగాన్ని నువ్వు తప్పక చదవాలి. పరాయి కణాన్ని తిప్పికొట్టలేని ఎలుకల చర్మం కింద వాళ్లు మనిషి ఎముక మూలకణాలు పెట్టారు. మంచి కణాలు పెట్టిన చోట మజ్జతో సహా మంచి ఎముక వచ్చింది. చెడిన కణాలను మాత్రమే పెట్టిన చోట అవి నిలవనే లేదు. రెండూ కలిపి పెడితే మాత్రం, రోగుల్లో కనిపించే ఆ జబ్బు ఎముకే తయారైంది!

అంటే, చెడిన కణం నిలదొక్కుకోవడానికి మంచి కణాల తోడు కావాలి. 2008లో అదే పరిశోధకుల వర్గం మరో సంగతి బయటపెట్టింది: వయసు పెరిగేకొద్దీ చెడిన మూలకణాలు తగ్గిపోతాయి, కొన్ని చోట్ల ఎముక మామూలు స్థితికి వస్తుంది. పిల్లల దవడకు కత్తి పెట్టే ముందు, ఆగగలిగితే ఆగమని సర్జన్లు చెప్పడం నాకు ఇప్పుడు మరింత సబబుగా అనిపిస్తుంది.

రెండో వాపు, చెరుబిజం సంగతి వేరు. కెనడాలో జోన్స్ అనే వైద్యుడు 1933లో దీన్ని వర్ణించాడు. చిన్న వయసులోనే రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్లు పైకి చూస్తున్నట్టు ఉంటాయి. దీనికి కారణం ఎస్‌హెచ్‌3బీపీ2 జన్యువు లోపమని 2001లో తేలింది. ఇది కుటుంబాల్లో నడుస్తుంది, యుక్తవయసు తర్వాత చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఇక్కడ ఎముకను తినే ఆస్టియోక్లాస్టులు రెచ్చిపోతాయి. అవి ఎముక మూలకణం బిడ్డలు కావు, రక్త మూలకణం సంతతి. చూడటానికి రెండూ దవడ వాపులే, దోషం మాత్రం వేర్వేరు కణ వంశాల్లో ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. 2009లో ఫిన్లాండ్ వైద్యులు ఒక కేసు ప్రచురించారు. తిత్తి వల్ల పై దవడ ఒక పక్క తీసేయాల్సి వచ్చిన 65 ఏళ్ల వ్యక్తి కొవ్వు నుంచి మూలకణాలు తీసి, కాల్షియం ఫాస్ఫేట్ గుళికలతో టైటానియం బుట్టలో అతని పొత్తికడుపు కండరంలోనే 8 నెలలు పెంచి, ముఖంలో అమర్చారు. అద్భుతమే. కానీ అతని కణాల్లో జన్యులోపం లేదు, పోయింది ఎముక మాత్రమే. ఫైబ్రస్ డిస్‌ప్లేసియాలో అలా కాదు, రోగి సొంత ఎముక ముక్క అతికించినా క్రమంగా జబ్బు ఎముక దాని చోటు ఆక్రమించవచ్చు.

అందుకే మూలకణాల కోసం పాలపళ్లు దాస్తామనే ప్రకటనలు చూసి మీ అక్క డబ్బు కట్టకుండా చూడు. పాలపన్ను గుజ్జులో మూలకణాలున్నాయని 2003లోనే తేలింది, అందులో అబద్ధం లేదు. అయితే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు బొడ్డుతాడు రక్తం తప్ప మరేదాన్నీ వాణిజ్యపరంగా దాచడానికి అనుమతించలేదు.

మీ ఓరల్ పాథాలజీ ల్యాబ్‌లో ఈ రెండు జబ్బుల స్లైడ్లూ ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూసి, అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు ఎందులో గుంపులుగా ఉన్నాయో గీసి పంపు.

పెదనాన్న